ప్రకటన పన్ను పోయినప్పుడు నగరాలను ఎవరడిగారు? ఒక కేస్ స్టడీ

రోడ్డు పక్కన పెద్ద హోర్డింగు కనిపిస్తే, అది ఆ ఊరి మున్సిపాలిటీకి పన్ను కడుతూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. 2017 జూలై 1 దాకా ఆ మాట నిజమే. ఆ రోజు జీఎస్టీ వచ్చింది, ప్రకటన పన్ను పోయింది. ఇప్పుడు అదే హోర్డింగు మీద ఏజెన్సీ వేసే బిల్లుకు 18 శాతం జీఎస్టీ పడుతుంది. అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. హోర్డింగు నిలబడ్డ ఊరికి నేరుగా రూపాయి రాదు. గాలివానకు అది రోడ్డు మీద కూలితే క్రేను పంపాల్సింది మాత్రం ఆ ఊరే.

నేను మున్సిపల్ ఖాతాల వైపు పనిచేస్తాను. డబుల్ ఎంట్రీ పద్దులు, ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు, ఫైనాన్స్ కమిషన్ (కేంద్ర పన్నుల డబ్బు ఎలా పంచాలో సిఫార్సు చేసే ఆర్థిక సంఘం) గ్రాంట్ల షరతులు, ఇవే నా రోజువారీ పని. కొన్ని చిన్న, మధ్యతరహా పట్టణాల చైర్‌పర్సన్లు కలిసి తమ తరఫున ఒక వినతిపత్రం తయారుచేయమన్నప్పుడు ఈ కేసు నా దగ్గరికి వచ్చింది. ఆ ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. వాళ్లు అడిగింది పన్నుల గురించి. పని మొదలుపెట్టాక అసలు చిక్కు వేరే చోట ఉందని తేలింది: దేశంలో నగరాలన్నిటి తరఫున ఒకే గొంతుతో మాట్లాడే సంఘం ఉంటే అది ఏం చేయాలి? మనకు ఉన్నవి ఆ పని ఎందుకు చేయలేకపోతున్నాయి?

పన్ను ఎలా పోయింది

మున్సిపాలిటీకి సొంతంగా పన్ను వేసే అధికారం లేదు. రాజ్యాంగం 243ఎక్స్ ప్రకారం రాష్ట్ర శాసనసభ తన చేతిలో ఉన్న పన్నుల్లో కొన్నిటిని మున్సిపాలిటీకి అప్పగించవచ్చు. అంటే ముందు ఆ పన్ను రాష్ట్ర జాబితాలో ఉండాలి. 2016లో వచ్చిన 101వ రాజ్యాంగ సవరణ ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలోంచి 52వ అంశాన్ని, 55వ అంశాన్ని పూర్తిగా తీసేసింది. 52 అంటే ఊళ్లోకి వచ్చే సరుకు మీద పన్ను. ఆక్ట్రాయ్ దీని మీదే నడిచేది. 55 అంటే ప్రకటనల మీద పన్ను. రాష్ట్రం దగ్గరే లేనిదాన్ని రాష్ట్రం ఊరికి ఎలా ఇస్తుంది?

వినోదపు పన్ను కథ కొంచెం వేరు. 62వ అంశాన్ని తీసేయలేదు, మార్చారు. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ వేసి వసూలు చేసుకునే మేరకు దాన్ని ఉంచారు. కాగితం మీద ఇది స్థానిక సంస్థలకు కొత్త హక్కే. కానీ ఎన్నో చోట్ల అంతకుముందు ఈ పన్నును రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ వసూలు చేసి స్థానిక సంస్థలకు వాటా పంచేది. వసూలు చేసే యంత్రాంగం ఊరి దగ్గర లేదు. పైగా సినిమా టికెట్టు మీద అప్పటికే జీఎస్టీ ఉంది, దాని మీద ఇంకో పన్ను వేస్తామని ఏ కౌన్సిల్ తీర్మానం చేస్తుంది?

ఈ కేసులో నన్ను ఎక్కువసేపు ఆపేసింది 279ఎ అధికరణం. జీఎస్టీ మండలి గురించి చెప్పేది అదే. కేంద్ర ఆర్థిక మంత్రి అధ్యక్షులు, కేంద్రం నుంచి ఒక సహాయ మంత్రి, ప్రతి రాష్ట్రం నుంచి ఒక మంత్రి. ఓట్ల విలువలో కేంద్రానిది మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. ఏ తీర్మానానికైనా నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. లెక్క పక్కాగా ఉంది. అదే అధికరణంలో ఇంకాస్త కిందకి వెళ్తే మండలి ఏయే విషయాల మీద సిఫార్సు చేయాలో రాసి ఉంది. మొట్టమొదటిదే ఇది: కేంద్రం, రాష్ట్రాలు, స్థానిక సంస్థలు వేసే పన్నుల్లో, సెస్సుల్లో, సర్‌చార్జీల్లో ఏవి జీఎస్టీలో కలపాలి అన్నది. స్థానిక సంస్థల పన్ను కలిపేయవచ్చని రాశారు, స్థానిక సంస్థలకు అక్కడ కుర్చీ మాత్రం వేయలేదు. ఓటు లేకపోతే పోనీ, పిలిచి అడగాలన్న వాక్యం కూడా లేదు.

అప్పట్లో ఎవరూ గట్టిగా అడ్డుకోలేదు కూడా. దానికి కారణం ఉంది.

ముంబయిని చూడండి. అప్పట్లో ఆ కార్పొరేషన్‌కు ఆక్ట్రాయే ప్రధాన ఆదాయం. అది పోతే నగరం నడవదు. అందుకే మహారాష్ట్ర ప్రభుత్వం 2017లోనే స్థానిక సంస్థలకు పరిహారం ఇచ్చే ప్రత్యేక చట్టం చేసింది. ఏటా 8 శాతం చొప్పున పెంచుతూ డబ్బు ఇస్తామని అందులో రాసుకుంది. కేంద్రం రాష్ట్రాలకు ఐదేళ్లపాటు 14 శాతం వృద్ధికి హామీ ఇచ్చిందన్న సంగతి పక్కన పెట్టుకుని చూస్తే 8 శాతం తక్కువగానే కనిపిస్తుంది. అయినా అది చట్టబద్ధమైన హక్కు. ముంబయికి అది దక్కిందంటే నష్టం కళ్లు మూసుకోలేనంత పెద్దది కావడం వల్లే.

మన చిన్న పట్టణం సంగతి అలా కాదు. ప్రకటన పన్ను దాని మొత్తం ఆదాయంలో చిన్న పద్దు. ఆస్తి పన్ను, నీటి చార్జీలు, వీఎల్‌టీ అంటే ఖాళీ స్థలాల పన్ను, స్టాంపు డ్యూటీ సర్‌చార్జి, వీటి పక్కన అది కనిపించదు. పోయిందని ఏ కమిషనరూ సచివాలయం మెట్లు ఎక్కడు. ఏ కౌన్సిల్‌లోనూ గొడవ జరగదు. ఒక్కో ఊరికి చిన్నదిగా, ఊళ్లన్నిటికీ కలిపి చూస్తే పెద్దదిగా ఉండే నష్టాలు ఇలాగే గప్‌చుప్‌గా వెళ్లిపోతాయి. జాతీయ సంఘం అనేది అవసరమైతే సరిగ్గా వీటికే అవసరం. పెద్ద నగరం తన నష్టం గురించి తానే అరవగలదు.

కూడికే కుదరలేదు

సరే, ఎంత పోయిందో కూడి చూద్దామని కూర్చున్నాం. 2017కి ముందు మూడేళ్ల ప్రకటన పన్ను అంకెలు పంపమని పట్టణాలన్నిటికీ ఫార్మాట్ పంపించాం. వచ్చిన కాగితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు.

దేశమంతా ఒకే రకం మున్సిపల్ పద్దులు ఉండాలని 2004లో జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ వచ్చింది. అందులో ప్రతి పద్దుకూ ఒక సంఖ్య ఉంటుంది: 110 పన్ను రాబడి, 120 రాష్ట్రం నుంచి వచ్చే అసైన్డ్ రెవెన్యూ, పరిహారం, 130 మున్సిపల్ ఆస్తుల అద్దె, 140 ఫీజులు, యూజర్ చార్జీలు. ఒక హోర్డింగునే తీసుకుంటే దాని మీద వచ్చే డబ్బు మూడు చోట్ల పడొచ్చు. బొమ్మ మీద వేసిన పన్ను 110లోకి, మున్సిపల్ స్థలంలో నిలబెట్టినందుకు అద్దె 130లోకి, లైసెన్సు రుసుము 140లోకి. ఒక ఊళ్లో మూడూ కలిపి ‘ప్రకటనలు’ అని 140లో రాశారు. ఇంకో ఊళ్లో హోర్డింగు స్థలాలను వేలం వేసి మొత్తం 130లో చూపించారు, పన్ను సున్నా. మరో ఊళ్లో పాత బకాయి వసూలైతే ఆ ఏడాది పన్నుగా రాసేశారు, దాంతో అంకె ఒక్కసారిగా పైకి లేచింది. ఎవరూ తప్పుడు లెక్క చెప్పలేదు. ఎవరి అలవాటు ప్రకారం వాళ్లు రాసుకున్నారు, అంతే.

ఫైనాన్స్ కమిషన్ లాంటి సంస్థ ముందుకు ఈ కాగితాలతో వెళ్తే మొదటి ప్రశ్నకే ఆగిపోతాం. అందుకే వినతిపత్రం రాయడం ఆపి ముందు పద్దులు విడదీశాం. డీసీబీ రిజిస్టర్లు తెరిచి డిమాండు, వసూలు, బాకీ వేరు చేశాం. కౌన్సిల్ తీర్మానాల పుస్తకంలోంచి రేట్లు తీసి రసీదులతో పోల్చాం. రసీదు పుస్తకాలు దొరకని ఊళ్లను ‘నిర్ధారించలేదు’ అని పక్కన పెట్టి మొత్తంలో కలపలేదు. ఈ పద్ధతి చైర్‌పర్సన్లకు నచ్చలేదు. ‘అంకె చిన్నదైపోతోంది కదా’ అన్నారు. చిన్నదే, కానీ నిలబడే అంకె.

తేలినవాటిలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది 120వ పద్దు. పోయిన పన్నుకు రాష్ట్రం పరిహారం ఇచ్చి ఉంటే అది అక్కడే కనిపించాలి. మేం చూసిన పట్టణాల్లో ప్రకటన పన్ను పేరుతో అక్కడ ఏమీ లేదు. 110లో సున్నా, 120లో సున్నా. మా వాదనకు ఈ రెండు సున్నాల కన్నా మంచి ఆధారం దొరకలేదు.

కొన్ని చోట్ల పన్ను పోయాక దాన్ని ‘ప్రకటన రుసుము’ అని పేరు మార్చి వసూలు చేస్తున్నారు. ఇది తాత్కాలికంగా కడుపు నింపొచ్చు గానీ చట్టపరంగా బలహీనమైన నేల. రుసుము అంటే ఏదో సేవకో నియంత్రణకో ముడిపడి ఉండాలి. ఆదాయం కోసమే వేస్తే అది పన్నే అని ఏజెన్సీలు కోర్టుకు వెళ్తాయి, దేశంలో పలుచోట్ల వెళ్లాయి కూడా. కోర్టులో గెలిచినా ఓడినా కార్పొరేషన్ న్యాయవాది ఫీజు ఊరి ఖాతాలోంచే.

సంఘాలు లేవా అంటే ఉన్నాయి

స్థానిక స్వపరిపాలన కోసం పనిచేసే జాతీయ సంస్థలు మనకు కొత్త కాదు. ముంబయి కేంద్రంగా ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లోకల్ సెల్ఫ్ గవర్నమెంట్ 1926 నుంచి ఉంది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ దగ్గర్నుంచి అగ్నిమాపక సిబ్బంది దాకా ఎందరికో శిక్షణ ఇచ్చింది. ఆల్ ఇండియా కౌన్సిల్ ఆఫ్ మేయర్స్ ఉంది. గుజరాత్‌లో 1997లో సిటీ మేనేజర్స్ అసోసియేషన్ ఏర్పడింది. తెలుగు రాష్ట్రాల్లోనూ మున్సిపల్, పంచాయతీరాజ్ ఛాంబర్లు పనిచేశాయి. శిక్షణ, సదస్సులు, ఒకరి అనుభవం ఒకరికి చేరవేయడం వరకు ఇవి చేసిన పనిని తక్కువ చేయలేం. కానీ ఢిల్లీలో ఒక పన్ను గురించి నిర్ణయం జరుగుతున్న రోజున ‘మమ్మల్ని అడిగారా’ అని చట్టం చూపించి ప్రశ్నించే బలం వీటికి లేదు.

ఎందుకు లేదంటే, మొదటి కారణం సభ్యులే. ఢిల్లీలో మేయర్ పదవి ఏడాది. ముంబయిలో రెండున్నరేళ్లు. తెలుగు రాష్ట్రాల్లో ఐదేళ్లు ఉంటారు గానీ అధికారమంతా కమిషనర్ సంతకంలో ఉంటుంది, ఆయన ఎప్పుడు బదిలీ అవుతారో ఎవరికీ తెలియదు. అధ్యక్షుడిగా ఎన్నికైన మేయర్ ఫైలు అర్థం చేసుకునేలోగా మాజీ అయిపోతాడు. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, ఎన్నికలు జరగకపోతే సంఘానికి సభ్యులే ఉండరు. రాజ్యాంగం 243యు ప్రకారం మున్సిపాలిటీ పదవీకాలం ఐదేళ్లు, అది ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలి. అయినా చెన్నైలో 2016 అక్టోబర్ నుంచి 2022 దాకా ఎన్నికైన కౌన్సిల్ లేదు. బెంగళూరులో 2020 సెప్టెంబర్‌లో పదవీకాలం ముగిశాక ఏళ్ల తరబడి అదే పరిస్థితి. ముంబయి కౌన్సిల్ 2022 మార్చిలో ముగిస్తే ఎన్నికలు 2026 జనవరిలో జరిగాయి. దేశంలోని అతి పెద్ద నగరాల్లో మూడు ఇలా ఉంటే మేయర్ల సంఘం ఎవరి పేరు మీద మాట్లాడుతుంది?

రెండో కారణం డబ్బు. చందా కట్టండి అనగానే మా పట్టణాల అకౌంట్స్ ఆఫీసర్లు వేసిన మొదటి ప్రశ్న: ‘ఏ జీవో ప్రకారం?’ సంఘం చందా జనరల్ ఫండ్‌లోంచి కడితే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు. రాకూడదంటే రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఉత్తర్వు కావాలి. రాష్ట్రం తమ వాటా సరిగా ఇవ్వడం లేదని వాదించే సంఘానికి చందా కట్టడానికి రాష్ట్రాన్నే అనుమతి అడగాలి. ఇది తప్పు అని ఎవరినీ అనను, ఖర్చుకు లెక్క ఉండాల్సిందే. కానీ ఈ ముడి విప్పకుండా స్వతంత్ర సంఘం గురించి ఎన్ని తీర్మానాలు చేసినా వృథా.

వేరే దేశాల్లో కుర్చీ ఎలా వచ్చింది

దక్షిణాఫ్రికాను కాస్త వివరంగా చదివాను, ఎందుకంటే వాళ్ల రాజ్యాంగం, మున్సిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన మన 74వ సవరణ తర్వాత కొద్ది కాలానికే వచ్చింది. 1996 నాటి ఆ రాజ్యాంగంలో 163వ సెక్షన్ మున్సిపాలిటీల తరఫున జాతీయ, ప్రాంతీయ సంఘాలను గుర్తించడానికి చట్టం చేయాలని చెబుతుంది. 1997లో ఆ చట్టం వచ్చింది. దాని కింద గుర్తింపు పొందింది దక్షిణాఫ్రికా స్థానిక ప్రభుత్వ సంఘం, వాళ్లు సాల్గా అంటారు. పార్లమెంటు ఎగువ సభలో ఆ సంఘం తరఫున పది మంది దాకా కూర్చోవచ్చు. మాట్లాడొచ్చు, ఓటు లేదు. డబ్బు పంపకం మీద సలహా ఇచ్చే ఆర్థిక కమిషన్‌లో స్థానిక ప్రభుత్వాల సంఘం ఇచ్చిన జాబితాలోంచి ఇద్దరు సభ్యులు ఉంటారు. మన ఫైనాన్స్ కమిషన్‌లో నగరాల జాబితా నుంచి ఒక్కరినైనా తీసుకోవాలన్న నియమం ఉందేమో వెతికి చూడండి, కనిపించదు.

అక్కడ అంతా బాగుందని కాదు. సాల్గా మున్సిపల్ ఉద్యోగుల జీతాల చర్చల్లో యజమాని స్థానంలో కూర్చుంటుంది. అక్కడ కుదిరిన ఒప్పందం డబ్బున్న నగరానికీ, లేని ఊరికీ ఒకటే. కట్టలేని మున్సిపాలిటీలు మినహాయింపు అడుక్కోవాల్సి వస్తుంది. కుర్చీ ఇస్తే బాధ్యత కూడా దానితోపాటే వస్తుంది, మా చైర్‌పర్సన్లకు ఈ భాగం చదివి వినిపించినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అమెరికాలో చట్టబద్ధమైన కుర్చీ లేదు, ప్రచార బలం ఉంది. నేషనల్ లీగ్ ఆఫ్ సిటీస్ 1924లో పుట్టింది, రాష్ట్రాల మున్సిపల్ లీగుల సమాఖ్యగా. 2020 మార్చిలో కరోనా సాయం చట్టం వచ్చినప్పుడు నేరుగా డబ్బు అందింది 5 లక్షల జనాభా దాటిన స్థానిక ప్రభుత్వాలకే. చిన్న ఊళ్లు రాష్ట్రాల దయ మీద ఆధారపడ్డాయి. లీగ్ ఏడాదిపాటు ఈ ఒక్క విషయం పట్టుకుంది. 2021 మార్చిలో వచ్చిన రెండో చట్టంలో స్థానిక ప్రభుత్వాలకు 13,000 కోట్ల డాలర్లకు పైగా కేటాయించారు, అందులో సగం నగరాలకు, పట్టణాలకు. సాధారణంగా 50 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు డబ్బు రాష్ట్రం ద్వారానే వెళ్తుంది, కానీ 30 రోజుల్లో పంచేయాలి, రాష్ట్రం తన సొంత షరతులు పెట్టకూడదు అని రాశారు. లీగ్ ఒక్కటే ఇదంతా సాధించిందని చెప్పను, రాజకీయం మారింది కూడా. నా దృష్టికి వచ్చింది మాత్రం ఆ 30 రోజుల వాక్యం. మన 15వ ఫైనాన్స్ కమిషన్ కూడా గ్రాంటు రాష్ట్రానికి చేరిన పది పనిదినాల్లో స్థానిక సంస్థకు వెళ్లాలని, ఆలస్యమైతే వడ్డీతో కట్టాలని చెప్పింది. అంటే ఇలాంటి వాక్యం రాయడం మనకూ చేతనవును. రాయించే పని ఎవరిది అన్నదే ప్రశ్న.

ఉక్రెయిన్ నగరాల సంఘం కేసు కూడా చూడాల్సిందే, అతిగా ఆశపడకుండా ఉండటానికి. 1992లో మొదలైన సంఘం అది. స్థానిక ప్రభుత్వాల సంఘాల కోసమే 2009లో వాళ్లకు ప్రత్యేక చట్టం వచ్చింది. 2015 నుంచి వ్యక్తిగత ఆదాయ పన్నులో 60 శాతం పెద్ద నగరాలకు, కొత్తగా విలీనమైన సముదాయాలకు వెళ్లేలా సంస్కరణ జరిగింది. తర్వాత యుద్ధం వచ్చింది. సైనికుల జీతాల మీద వచ్చే ఆదాయ పన్నును 2023 అక్టోబర్ నుంచి స్థానిక బడ్జెట్ల నుంచి తీసి కేంద్రానికి మార్చారు. సంఘం వ్యతిరేకించింది, ఆగలేదు. అయితే అక్కడ నగరాలు ఏం కోల్పోతున్నాయో అందరికీ ముందే తెలిసింది, దాని మీద బహిరంగంగా చర్చ జరిగింది. మన ప్రకటన పన్ను విషయంలో ఆ మాత్రం కూడా జరగలేదు.

చివరికి ఏం రాశాం

మొదట చైర్‌పర్సన్లు ఇచ్చిన జాబితాలో లేనిది లేదు. వీధి దీపాల కరెంటు బిల్లులు రాష్ట్రమే కట్టాలి, డంపింగ్ యార్డుకు స్థలం కావాలి, గౌరవ వేతనం పెంచాలి, ప్రోటోకాల్‌లో స్థానం మార్చాలి. అన్నీ న్యాయమైనవే కావచ్చు. కానీ అన్నీ ఒకే కాగితంలో పెడితే చదివేవాళ్లు తమకు సులువైనది ఏదో ఒకటి ఎంచుకుని, అది చేసి, పని అయిపోయిందంటారు. సాధారణంగా అది గౌరవ వేతనం అవుతుంది.

అందుకని రెండే అడిగాం. మొదటిది: స్థానిక సంస్థల పన్ను, రుసుము, వాటా తగ్గించే ఏ ప్రతిపాదన అయినా నిర్ణయానికి ముందు నగరాల ప్రతినిధి సంఘానికి పంపాలి, నిర్ణీత గడువులో వచ్చిన అభిప్రాయాన్ని తీర్మానంతోపాటు ప్రచురించాలి. ఓటు అడగలేదు. వీటో అడగలేదు. అభిప్రాయం ఒప్పుకోవాలని కూడా అడగలేదు. ఇది తక్కువ అడగడం అని మా వాళ్లలో కొందరికి అసంతృప్తి ఉంది. 279ఎ సవరించి మండలిలో సీటు ఇవ్వమని అడగొచ్చు, దానికి రాజ్యాంగ సవరణ కావాలి, సగం రాష్ట్రాల ఆమోదం కావాలి. తమ ఓటు విలువ తగ్గించుకోవడానికి ఏ రాష్ట్రం ఒప్పుకుంటుంది? నగరాల అభిప్రాయం ముందుగా అడగడం అనేది మాత్రం మండలి తన పనితీరు నియమాల్లోనే చేర్చుకోవచ్చు. తన పనితీరు పద్ధతిని తానే నిర్ణయించుకోవచ్చని అదే అధికరణం చెబుతుంది.

రెండోది: పోయిన ప్రకటన పన్నుకు 120వ పద్దులో కనిపించే పరిహారం. మహారాష్ట్ర చట్టం నమూనాగా పెట్టాం. గ్రాంటు అనకుండా పరిహారం అనే మాటే వాడాం, ఎందుకంటే గ్రాంటుకు షరతులు ఉంటాయి. 15వ ఫైనాన్స్ కమిషన్ 2021-26 కాలానికి పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్లు సిఫార్సు చేసింది. అందులో పెద్ద భాగం నీరు, పారిశుద్ధ్యం లాంటి వాటికే ఖర్చు చేయాలి. ఆడిట్ చేసిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి. రాష్ట్ర ఫైనాన్స్ కమిషన్‌ను వేసి, దాని సిఫార్సుల మీద చర్య నివేదికను 2024 మార్చిలోగా శాసనసభలో పెట్టకపోతే ఆ తర్వాత గ్రాంటే లేదు. ఈ షరతులు చెడ్డవని నేననను. ఆన్‌లైన్ లెక్కల షరతు లేకపోతే మా పట్టణాల్లో సగం పద్దులు ఇప్పటికీ బీరువాలోనే ఉండేవి. చివరి షరతులో మాత్రం తప్పు రాష్ట్రానిది, శిక్ష ఊరికి. నీ సొంత పన్నును తీసేసి దాని బదులు షరతులతో గ్రాంటు ఇస్తే రెండూ ఒకటి కాదని ఖాతాలు రాసేవాడికి వెంటనే అర్థమవుతుంది.

అనుబంధంగా ఒకే పేజీ పట్టిక పెట్టాం. ఊరి పేరు, జనాభా తరగతి, 2017కి ముందు నిర్ధారించిన ప్రకటన పన్ను, 2017 తర్వాత 110లో ఎంత, 120లో ఎంత. వినతిపత్రం ఎంతమంది చదువుతారో గానీ ఆ పట్టిక దగ్గర అందరూ ఆగుతారు. ఒక సమావేశంలో ఒక అధికారి చివరి రెండు గడులు చూసి ‘రెండూ సున్నాలేనా?’ అని తన పక్కనున్న ఆర్థిక శాఖ ఆయన్ని అడిగారు. ఆ తర్వాత చర్చ సాగిన తీరు మారింది. ప్రసంగాలు ఆగి పద్దుల గురించి మాట్లాడుకున్నారు. నిర్ణయం ఏమీ రాలేదు, ఫైలు పరిశీలనలో ఉంది అన్న మాట వచ్చింది. మున్సిపల్ పనిలో ఉన్నవాళ్లకు ఆ మాట అర్థం తెలుసు.

పరిహారం వస్తుందని నాకు పెద్ద నమ్మకం లేదు. ఇన్నేళ్ల తర్వాత పాత నష్టానికి డబ్బు తీయడం ఏ ప్రభుత్వానికీ ఇష్టం ఉండదు. ముందుగా అడగాలన్న మొదటి కోరిక నెగ్గే అవకాశం దానికంటే ఎక్కువ, ఎందుకంటే దానికి పైసా ఖర్చు లేదు. రిజర్వ్ బ్యాంకు 2022లో వెలువరించిన నివేదిక మన మున్సిపల్ బడ్జెట్ల పరిమాణం జీడీపీలో దాదాపు 1 శాతం దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయిందని చెప్పింది. అంత చిన్న వాటాలోంచి ఇంకొంత కోసేముందు ఒక ఉత్తరం రాయమనడం మరీ పెద్ద కోరికేమీ కాదు.

చందా, ప్రత్యేకాధికారి, మిగిలిన చిక్కులు

చందా సమస్యకు ఒక దారి దొరికింది, పూర్తిగా తృప్తిగా లేదు. ఈ పట్టణాల సంఘానికి చందా అనకుండా ‘లెక్కల సేవ’ కింద ఒప్పందం చేసుకుని, ప్రతి పట్టణానికీ ఏటా పద్దుల పోలిక పట్టిక ఇచ్చి దానికి రుసుము తీసుకోవడం. కౌన్సిల్ తీర్మానం, కొటేషన్, బిల్లు, అన్నీ ఉంటాయి కాబట్టి ఆడిట్‌కు ఇబ్బంది లేదు. దీనివల్ల సంఘం చేతిలో ఎప్పుడూ తాజా అంకెలు ఉంటాయి, అది లాభం. కష్టం ఏమిటంటే రుసుము కట్టని ఊరు అంకెల్లోంచి తప్పుకుంటుంది. కట్టలేనివి సాధారణంగా అన్నిటికంటే పేద పట్టణాలు, వాటి అంకెలే వాదనకు ఎక్కువ కావాలి. ప్రస్తుతానికి జనాభా తరగతిని బట్టి రుసుము పెట్టి, కింది తరగతికి ఉచితం చేశాం. పెద్ద పట్టణాలు దీనికి ఎన్నాళ్లు ఒప్పుకుంటాయో చూడాలి.

రాజకీయ పార్టీల సంగతి వేరే కథ. చైర్‌పర్సన్లలో అధికార పార్టీవాళ్లు, ప్రతిపక్షంవాళ్లు ఇద్దరూ ఉన్నారు. రాష్ట్రం మీద ఫిర్యాదుగా రాస్తే మొదటివాళ్లు సంతకం పెట్టరు, కేంద్రం మీద రాస్తే ఇంకొందరు పెట్టరు. పట్టికలో ప్రభుత్వాల పేర్లు లేకుండా పద్దుల సంఖ్యలు మాత్రమే ఉంచడం వల్ల ఈ టెన్షన్ చాలావరకు తగ్గింది. సున్నాకు పార్టీ ఉండదు కదా అని ఒక చైర్‌పర్సన్ అన్నారు.

ఈలోగా కొన్ని పట్టణాల్లో కౌన్సిల్ పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. వాళ్లు అంకెలు పంపడానికి సిద్ధం, వినతిపత్రం మీద సంతకానికి మాత్రం వెనకాడతారు, అది సహజమే. ప్రభుత్వ ఉద్యోగి ప్రభుత్వం ముందు వినతిపత్రం పెట్టడు. దీని మీద మా సమావేశంలో చాలాసేపు వాదన నడిచింది. చివరికి కుదిరింది ఇది: ప్రత్యేకాధికారి ఉన్న ఊరి అంకెలు పట్టికలో ఉంటాయి, ఆ వరుస పక్కన ‘ఎన్నికైన కౌన్సిల్ లేదు, ఫలానా తేదీ నుంచి’ అని రాస్తాం, సంఘం తీర్మానాల్లో ఆ ఊరికి ఓటు ఉండదు. ఎన్నికలై కొత్త కౌన్సిల్ వచ్చాక మొదటి సమావేశంలోనే సభ్యత్వ తీర్మానం అజెండాలో పెట్టమని నమూనా పంపిస్తాం. ఈ ఏడాది పట్టికలో ఆ తేదీల గడి కొత్తగా చేరింది.